బహ్రెయిన్ ఖిలాలో మా బాపు

మా బాపు పేరు సిద్దిరాములు. మాది ఎల్లారెడ్డి దగ్గర నాగిరెడ్డిపేట. ఊళ్లో ఉన్న రోజుల్లో కూర్చుంటే లేవని మనిషిగా ఆయనకు పేరు. పొద్దున్నే చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్నాడంటే, పోచారం కాలువకు నీళ్లు వదిలారని ఎవరో ఒకరు వచ్చి చెబితేనే లేచేవాడు. "సిద్దిరాములు కూసున్న కాడ గడ్డి మొలుస్తది" అని ఎంకయ్య చిన్నాయన ఎగతాళి చేసేవాడు. అలాంటి మనిషి నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బహ్రెయిన్ వెళ్లాడు. రెండేళ్ల తర్వాత ఒక్కసారి వచ్చి, రెండు నెలలు ఉండి పోయాడు. ఆ తర్వాత ఏడేళ్లు రాలేదు.

ఎప్పుడొస్తావని అడిగితే "పీర్ల పండుగకు" అనేవాడు. పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, మా బాపు రాకడ మాత్రం ఏటా వెనక్కి జరిగేది. ఫోన్‌కు మాత్రం లోటు లేదు. వారానికోసారి వీడియోలో కనిపించేవాడు, ఎప్పుడూ తెల్లటి గోడ ముందు నిలబడి. ఒక్క మరక ఉండేది కాదు ఆ గోడకు. "మీ బాపు రూము మస్తుగున్నది" అని అమ్మ మురిసేది. నాకు ఒళ్లు మండేది. అంత మంచి రూము ఉన్నవాడికి మేమెందుకు గుర్తుంటాం? అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని నేను ఇంటర్ చదివే రోజుల్లోనే తీర్మానించుకున్నాను. అమ్మకు చెప్పలేదు.

నేను హైదరాబాద్‌లో పురావస్తు శాస్త్రం ఎంఏ చదువుతున్నాను. "మట్టి తవ్వుడుకు ఎంఏ ఎందుకు ప్రణీతా, ఉపాధి హామీ పనికి పోతే కార్డిస్తరు గద" అని మా ఊరివాళ్లు నవ్వుతారు. మొన్న జనవరిలో బహ్రెయిన్ రాజధాని మనామాలో పది రోజుల శిక్షణ ఉందని తెలిసి దరఖాస్తు చేశాను. ఎంపికైన మిగతావాళ్లు పాత నగరాల కోసం వెళ్లారు. నేను వెళ్లింది ఒక్క ప్రశ్న కోసం. వస్తవా, రావా? ముఖం మీద అడగాలి. రానంటే ఆ మాట అమ్మకు నేనే చెప్పాలి, ఆమె ఎదురుచూపులు అక్కడితో ఆపాలి.

నేను వస్తున్నానంటే బాపు సంబరపడలేదు. "గంత దూరం ఎందుకు బిడ్డా" అన్నాడు. నా అనుమానం ఇంకా గట్టిపడింది. శుక్రవారం మా బ్యాచ్ ఖిలా చూడటానికి వెళ్తోంది, ఆ రోజు నీకూ సెలవే, పది గంటలకు ఖిలా గేటు దగ్గరికి రమ్మన్నాను. "వస్త తియ్" అన్నాడు.

ఖిలా అంటే ఒక పెద్ద మట్టిదిబ్బ. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఖర్జూర తోటలు. దిబ్బ మీద పోర్చుగీసువాళ్ల కోట ఉంది. దాని కింద అంతకు ముందువాళ్ల ఇళ్లు, వాటి కింద ఇంకా పాతవాళ్ల వీధులు. నాలుగు వేల ఏళ్లలో ఒక ఊరి నెత్తిన ఇంకో ఊరు కట్టుకుంటూ పోయారు. పుస్తకంలో ఆ పటం చూస్తూ నిద్రపోయిన రోజులున్నాయి నాకు. తీరా ఆ వీధుల్లో నిలబడితే ఒక్కటీ కంటికి ఆనలేదు. మా సార్ తలా ఒక గది అప్పగించి కొలతలు రాయమన్నాడు. నా గది పొడవు మొదటిసారి నాలుగు మీటర్లు వచ్చింది, రెండోసారి నాలుగు మీటర్ల ముప్ఫై, మూడోసారి మూడు తొంభై. నాలుగు వేల ఏళ్లుగా ఆ గోడ కదల్లేదు. కదులుతున్నది నేనే, ఒక కన్ను టేపు మీద, ఒక కన్ను గేటు మీద పెట్టి.

పదిన్నరకు ఫోన్ మోగింది. "గేటు కాడ గాదు బిడ్డా, కార్లు ఆపే కాడికి రా." టేపు అక్కడే పడేసి వెళ్లాను. లేడు. మళ్లీ ఫోన్. "ఆడ మంది ఉన్నరు. సముద్రం దిక్కు రా." ఇసుకలో చెప్పులు కూరుకుపోతుంటే అటు నడిచాను. అక్కడా లేడు. "తోట కాడ దారున్నది, అటు రా." ఎండ నడినెత్తికొచ్చింది. నా ఓపిక అయిపోయింది.

"దాగుడుమూతలు ఆడనీకి వచ్చిన్నా బాపు నేను? సముద్రాలు దాటి వచ్చిన! నువ్వు ఒక్క గేటు కాడికి రాలేవా?"

"గట్ల ఒర్లకు బిడ్డా. ఇగో, నీ ఎనుకనే ఉన్న."

తిరిగి చూస్తే ఖర్జూర చెట్ల నడుమ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. జుట్టు సగం తెల్లబడింది. చేతిలో ఉన్న సంచిలో నాకోసం తెచ్చిన పండ్లు. రాత్రంతా పేర్చుకున్న తిట్లన్నీ ఎటో పోయాయి, ఏడ్చేశాను. బాపు నా తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి నా మీద ఉంది గానీ చూపు నా భుజం మీదుగా ఎటో పోతోంది. ఆ రెండో ఆమె కూడా వచ్చిందన్నమాట, అనుకుని గిరుక్కున తిరిగాను. ఎవరూ లేరు. దూరంగా గేటు దగ్గర ఒక గార్డు మాత్రం ఉన్నాడు.

తోట దారి నుంచే మేము కొలుస్తున్న పాత వీధుల్లోకి తీసుకెళ్లాను. ఒక చోట నిలబడడే! నేను ఒక గోడ గురించి చెప్పేలోపు రెండు గోడలు దాటిపోతున్నాడు. ఒక్క గదిలో మాత్రం ఆగి, గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. "గచ్చు మంచిగ పట్టిచ్చిండ్రు. ఇప్పటోళ్లకు గింత ఓపిక యాడిది" అన్నాడు. అంత కోపంలోనూ ఆ మాట నాకు నచ్చింది. ఇదే సందని అడిగేశాను.

"ఎప్పుడొస్తవ్ బాపు?"

"పీర్ల పండుగకు..."

"ఏ పీర్ల పండుగ? తారీఖు చెప్పు. వస్తవా, రావా?"

బాపు నోరు తెరిచాడు. అంతలో వెనక నుంచి "హలో! హలో!" అని కేక. గార్డు చెయ్యి ఊపుతూ మా వైపే పరుగెత్తుకొస్తున్నాడు. నేను మళ్లీ బాపు వైపు తిరిగేసరికి బాపు లేడు. యాభై ఏళ్ల మనిషి నడుమెత్తు గోడ దూకి, వంగి, సందులో పడి ఉరుకుతున్నాడు. పండ్ల సంచి నా కాళ్ల దగ్గర పడి ఉంది. గార్డు ఆయాసపడుతూ వచ్చి నా టేపు నా చేతిలో పెట్టాడు. పొద్దున నేను గదిలో పడేసిందే. నవ్వి, వెళ్లిపోయాడు.

నాకు సిగ్గేసింది, ఆ వెంటనే భయమేసింది. పది నిమిషాలు గదిగదీ వెతికాను. చివరకు ఖర్జూరం గదిలో దొరికాడు. వెనకటికి ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కారే రసం పట్టుకున్న గది అది. నేలంతా రసం పారే సాళ్లు. ఆ సాళ్ల మధ్య గోడకు అతుక్కుని ముడుచుకు కూర్చున్నాడు మా బాపు.

"పోయిండా?" అన్నాడు గుసగుసగా.

"నా టేపు ఇయ్యనీకి వచ్చిండు బాపు."

నవ్వబోయాడు. చేతగాలేదు. "నేను ఖల్లివల్లి అయిన బిడ్డా" అన్నాడు.

ఆ మాటకు అర్థం మా వైపు చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. కాగితాలు పోయి, కంపెనీ లెక్కలో లేకుండా, పోలీసుకు చిక్కకుండా దాక్కుని బతికేవాడు. బాపు పని చేసిన కంపెనీ ఐదేళ్ల కిందే మూతపడింది. పాస్‌పోర్టులన్నీ సేటు దగ్గర ఉన్నాయి, ఆ సేటు ఎటు పోయాడో తెలియదు. అప్పటి నుంచి దొరికిన ఇళ్లకు రంగులు వేస్తున్నాడు.

"మరి ఆ రూము?"

"రూమేడిది బిడ్డా. అయి నేను రంగేసిన గోడలు. ఆరేదాక ఆడ ఉండనిస్తరు. గప్పుడే ఫోన్ చేస్త."

ఐదేళ్లుగా మేము మెచ్చుకున్నవన్నీ ఎవరెవరి ఇళ్లో! నాకు బాపు మీద కోపం, నా మీద అంతకన్నా కోపం. దాచుకోలేక కక్కేశాను. "ఇంకో పెళ్లి చేసుకున్నవనుకున్న బాపు."

బాపు నా వైపు విడ్డూరంగా చూశాడు. "గీ మొఖానికా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

"పాస్‌పోర్టు లేనోళ్లకు ఎంబసీల ఔట్‌పాస్ ఇస్తరు గద. తీసుకొని ఇంటికి రావొచ్చు గద."

"ఇస్తరు. దానికి ఆఫీసుకు పోవాలె. ఆఫీసుకు గేటుంటది. గేటు కాడ పోలీసు డ్రెస్సోడుంటడు. మూడుసార్లు పోయిన బిడ్డా, మూడుసార్లు రోడ్డు అవుతల్నుంచే మళ్లిన." ఆగి, నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అమ్మకు చెప్పకు."

మొండితనం నాకు బాపు ఇచ్చిందే. అక్కడే, ఆయన ముందే, అమ్మకు వీడియో కాల్ కలిపాను. అమ్మ నాట్ల నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చెంపకు బురద ఉంది. "గిదేంది, గోడ గిట్లున్నది?" అంది ముందుగా. ఫోన్ బాపు చేతిలో పెట్టాను. ఆయన తల వంచుకుని, ముక్కలు ముక్కలుగా, అంతా చెప్పాడు. అమ్మ అడ్డం రాకుండా విన్నది.

"నాకెరుకనే" అంది చివరకు. "మూడేండ్ల కింద ఎంకయ్య ఆడ పని జేసి వచ్చినప్పుడే చెప్పిండు."

అంటే ఆ రూము మురిపెమంతా నా కోసం ఆడిన నాటకమా?

"ఎరుకుండి నన్నెందుకు అడగలే మంగవ్వా?" అన్నాడు బాపు.

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తుంటివి. చెప్పినయే మస్తున్నయ్" అంది అమ్మ. చెంప మీది బురద కొంగుతో తుడుచుకుంది. "బిడ్డ ఆడనే ఉన్నది. దాని చెయ్యి పట్టుకొని పో. గేటు దాటేదాక ఇడువకు."

ఆదివారం నేను క్లాసు ఎగ్గొట్టాను. ఎంబసీకి ఎదురుగా రోడ్డు దాటే చోట బాపు రెండుసార్లు వెనక్కి తిరిగాడు. నా చేతిలో ఆయన చెయ్యి చెమటతో జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాను. గేటు దగ్గరి మనిషి మమ్మల్ని సరిగా చూడనైనా చూడలేదు, వరస ఎటో వేలితో చూపించాడు. "గంతేనా?" అన్నాడు బాపు. నేను వచ్చేశాక కాగితాలు, వేలిముద్రలు, మళ్లీ కాగితాలతో రెండున్నర నెలలు గడిచాయి. ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున హైదరాబాద్‌లో దిగానని ఫోన్ చేశాడు.

సెలవులకు ఊళ్లో ఉన్న నేనూ, అమ్మా కామారెడ్డి బస్టాండుకు ఎదురు వెళ్లాం. అమ్మ ఏడవలేదు. "గింత చిక్కినవేంది" అని మాత్రం అంది. ఎల్లారెడ్డి బస్సెక్కి ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం, నేను కిటికీ పక్కన, మధ్యలో అమ్మ, చివర బాపు. బస్సు కదిలింది. ఖాకీ చొక్కా వేసుకున్న కండక్టరు వచ్చి మా సీటు దగ్గర ఆగాడు.

"కార్డు చూపెట్టున్రి."

బాపు లేచాడు. సంచి కూడా తీసుకోలేదు. నిలబడ్డవాళ్లను తోసుకుంటూ డోరు దాకా వెళ్లిపోయాడు. అమ్మ ఒక్క ఉదుటున లేచి వెనక నుంచి ఆయన చొక్కా దొరకబట్టింది.

"ఆయన అడిగేది మమ్ముల" అంది మెల్లగా. "ఆడోళ్లకు ఇప్పుడు బస్సు ఫ్రీ. ఆధార్ చూపిస్తె సాలు."

"మరి నాకు?"

"నీకు కార్డు అక్కర్లేదు. టికెట్ తీస్కొని వచ్చి కూసో."

బాపు టికెట్ తీసుకున్నాడు. అయినా కూర్చోలేదు. డోరు పక్క కడ్డీ పట్టుకుని ఎల్లారెడ్డి దాకా నిలబడే వచ్చాడు. దారిలో ఎంతమంది ఎక్కినా అమ్మ బాపు సీటు మీద నుంచి చెయ్యి తీయలేదు, ఎవరినీ కూర్చోనివ్వలేదు.