అర శ్రుతి దింపిన పెట్టె

1936 ఫిబ్రవరి పదహారు, ఆదివారం, పగలు పదకొండు గంటలకు ఇది జరిగింది. స్థలం తాడేపల్లిగూడెం స్టేషనుకు అవతల ఉన్న రేకుల నాటకాల హాలు. నేను ఏలూరు కాలవ గట్టు మీద హార్మోనియాలు బాగుచేసే మేస్త్రీని. ఆ రోజు చర్చికి పోవడం మాని, పనిముట్ల సంచి పట్టుకుని పొద్దుటి పాసింజరు ఎక్కాను. అప్పటికి నాకు అక్షరం రాదు. నలభై ఆరో ఏట మా పాదిరిగారి భార్య దగ్గర దిద్దుకున్నాను. అందుకని ఈ రాతలో సొగసు వెతక్కండి. జరిగింది జరిగినట్టు ఉంటుంది, అంతే.

మా పని సంగతి ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది బోధపడదు. హార్మోనియం పెట్టెలో ఒక్కో మెట్టు కింద రీడు ఉంటుంది. రీడు అంటే సన్నటి ఇత్తడి నాలుక. తిత్తి గాలి తగిలితే వణుకుతుంది, స్వరం పలుకుతుంది. దాన్ని కొన దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. గీకిన ఇత్తడి తిరిగి రాదు. పక్కన సరిగ్గా ఉన్న పెట్టె ఇంకొకటి పెట్టుకుని, రెండూ కలిపి నొక్కి వింటాను. తేడా ఉంటే గాలిలో అలలాగా ఊగుతుంది. ఆ అల ఆగిందంటే రెండూ కలిసినట్టు. దీన్ని ట్యూనింగ్ అంటారు. నేను బతికింది ఆ అల మీదే.

ఇక శ్రుతి. నాటకాల వాళ్ళు తెల్ల మెట్లను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు, నడుమ నల్లమెట్టు వస్తే అర అంటారు. ఐదు అంటే మగగొంతుకు బాగా ఎత్తు. నాలుగున్నర దానికి ఒక్క మెట్టు కింద. ఆ రోజుల్లో మా వైపు పాటగాడి పేరు తరవాత, శ్రుతి ముందు. "ఆయన ఐదండి", "ఈయన నాలుగేనండి" అని మనిషిని అంకెతో పిలిచేవారు.

సైదు రామస్వామి గారు ఐదు. కొల్లేటి లంకలో వలలు వేసే ఇంట్లో పుట్టారు. గురువు లేడు. చిన్నప్పుడు పొగమంచులో దోనెలకు దారి తెలియడం కోసం గట్టున నిలబడి పాడేవాడట, అదే సాధన. పెద్దయ్యాక ఏ జమీందారు చెయ్యీ పట్టుకోకుండా లంకలో పదకొండు మందిని పోగుచేసి సొంతంగా నాటక సమాజం పెట్టుకున్నారు. భార్య మాణిక్యమ్మ గారు రాజుల కోట్లు కుట్టేవారు. ఆమె తమ్ముడు సుబ్బారాయుడు హార్మోనియం. తెరలు రామస్వామి గారే వేసుకునేవారు. రాజమందిరం తెర మీద ఒక మూల కొల్లేటి పక్షి, గూడబాతు ఉండేది. "రాజుగారింట్లో గూడబాతేమిటండీ?" అని నేనడిగితే, "చెయ్యి దానంతటదే వేసేసిందండి మేస్త్రీగారూ, చెరపబుద్ధి కాలేదు" అన్నారు.

ఆ జనవరిలో ఒక రోజు బావాబావమరుదులిద్దరూ పెట్టె మోసుకుని మా కొట్టుకు వచ్చారు. తిత్తి చిరిగిందేమో అనుకున్నాను. రామస్వామి గారు తలుపు దగ్గరికి వేసి కూర్చున్నారు.

"పెట్టె మొత్తం అర శ్రుతి దింపాలండి. ఐదు నొక్కితే నాలుగున్నర పలకాలి."

"దానికి పెట్టెను చంపడం దేనికండీ? నాలుగున్నరే నొక్కించుకోండి."

"నొక్కితే కనపడుతుంది కదండీ. ముందు బల్లల వాళ్ళు నా మొహం చూడరండి, వీడి వేళ్ళు చూస్తారు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. కిందటి వర్షాకాలం జ్వరం తగిలి లేచాక గొంతు పైన అందడం లేదన్నారు. "నాలుగున్నరలో నాకు ఢోకా లేదండి. ఐదులోనే, పైన పట్టు జారిపోతోంది. గూడెం హాలు వెంకటరత్నం గారు పరీక్ష పెడతానన్నారు. బాగుంటే వేసవి అంతా హాలు మాదే. లేకపోతే టాకీ మిషను తెప్పిస్తారట. ఇది పోతే మావాళ్ళు మళ్ళీ వలలకే పోతారండి. ఇక ఎవరూ మిగలరు."

ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలన్నారు. "బైబిలు మీద చెయ్యి వెయ్యమంటారా?" అన్నాను. "అక్కర్లేదండి. మీ మాట చాలు" అన్నారు.

పదకొండు రోజులు పట్టింది. రెండు వరసల రీడ్లు, ఒక్కోటీ మొదలు దగ్గర గీకడం, వినడం, మళ్ళీ గీకడం. ఎక్కువ గీకితే రీడు విరుగుతుంది, తక్కువైతే అల ఆగదు. ఒక్కటీ విరగలేదు. అంత శుభ్రంగా వచ్చిన పని నా జన్మలో ఇంకొకటి లేదు. అది ఎవరికీ చెప్పుకోలేని పని కావడం నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

రైలు కుదుపులకు ఏ రీడైనా బిగుసుకుంటే చూడాలని గూడెం రమ్మన్నారు. పిలవకపోయినా వెళ్ళేవాణ్ణేమో. నా పెట్టె ఎలా పలుకుతుందో వినాలని నాకే ఉంది. సమాజం వాళ్ళు కబురు కోసం లంకలోనే ఉండిపోయారు. వచ్చింది ఆ దంపతులు, సుబ్బారాయుడు, నమూనాకు చుట్టి తెచ్చిన గూడబాతు తెర.

వెంకటరత్నం గారు బియ్యం వ్యాపారి, హాలు కౌలుకు తీసుకుని నడిపేవారు. ముందు బల్ల మీద కూర్చుని, "కానివ్వండి రామస్వామి గారూ, మీ ఐదు గురించి చాలా విన్నానండి" అన్నారు. ఆయన పక్కన నాగభూషణం అని పెళ్ళిమేళాల్లో క్లారినెట్ వాయించే ఆయన కూర్చున్నాడు. హాలులో నాటకాలకు కూడా వాయించేవాడు.

మాణిక్యమ్మ గారు తెర విప్పి పరిచారు. సుబ్బారాయుడు ఐదో మెట్టు నొక్కాడు. రామస్వామి గారు కొడుకు పోయిన రాజు పాడే పద్యం ఎత్తుకున్నారు. నేను గొంతుల గురించి రాయగలిగినవాణ్ణి కాను. ఒకటి మాత్రం చెబుతాను. హాలు ఊడుస్తున్న సింహాచలం చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెంకటరత్నం గారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. పద్యం అయ్యాక, "ఇంకేం కావాలండీ, ఇంకేం కావాలి" అని రెండుసార్లు అన్నారు. మాణిక్యమ్మ గారు నా వైపు చూసి చిన్నగా తల ఊపారు. ఆయన ఆమెకు చెప్పే ఉంటారు.

అక్కడితో లేచిపోయి ఉంటే సరిపోయేది.

"నాగభూషణం గారూ, మీరు కూడా కలపండి. రేపు కలిసి వాయించాల్సిన వాళ్ళేగా" అన్నారు వెంకటరత్నం గారు.

ఇక్కడే మేం ముగ్గురం గుడ్డివాళ్ళమయ్యాం. తంబురా అయితే మెలితిప్పి దింపుకోవచ్చు. క్లారినెట్ అలా దిగదు, దాని శ్రుతి చెక్కలోనే ఉంటుంది. ముందు బల్లల కళ్ళ గురించి పదకొండు రోజులు ఆలోచించాం. క్లారినెట్ గురించి ఎవరికీ తట్టలేదు. లంక సమాజంలో క్లారినెట్ లేదు మరి.

నాగభూషణం ఊదాడు. రెండు స్వరాలూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. సింహాచలం చెవులు మూసుకుంది. అతను క్లారినెట్ దించి, పెట్టెను చూసి, నన్ను చూసి నవ్వాడు.

"ఏవోయ్ మేస్త్రీ, నువ్వేనా దీన్ని చేసింది? రీడ్లు గీకావా, చేపపొలుసు గీకావా?"

రామస్వామి గారు వెంటనే అందుకున్నారు. "తేమండి. మాది కొల్లేరు కదండీ, తేమకి రీడ్లు దిగిపోతాయండి. మేస్త్రీగారు మళ్ళీ సరిచేస్తారండి." అంటూనే నా కళ్ళలోకి చూశారు. ఆ చూపుకు అర్థం పసివాడికైనా తెలుస్తుంది. నేను చేయాల్సిందల్లా తల ఊపడం. అది కూడా అక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

"చెవుల్లేనివాడి చేతికి పెట్టె ఇస్తే అంతేనండి" అన్నాడు నాగభూషణం, వెంకటరత్నం గారితో.

నేను లేచాను. "తేమకి రీడు అర శ్రుతి దిగదండి. ఒకటి దిగితే ఒకటి దిగదు. ఇక్కడ అన్నీ సమంగా దిగాయి, వినండి. ఆయన దింపమన్నారు, నేను దింపాను. ఇందులో ఒక్క రీడు తప్పు పలికినా నా చెవి కోసెయ్యండి" అన్నాను.

సుబ్బారాయుడు తిత్తి మీంచి చెయ్యి తీసేశాడు. తరవాత వెంకటరత్నం గారు మాట్లాడారు. ఆ గొంతు మారిపోయింది.

"అయితే ఏవయ్యా రామస్వామీ, ఇందాక నువ్వు పాడింది నాలుగున్నరా?"

అంతవరకూ రామస్వామి గారు, మీరు. క్షణంలో అన్నీ ఊడిపోయాయి.

"ఆయ్. నాలుగున్నరేనండి" అన్నారు రామస్వామి గారు.

సింహాచలం నోరు తెరిచింది. "పాట బాగుంది కదండీ బాబుగారూ. మరేంటండీ గొడవ?"

"నీ పని నువ్వు చూసుకోవే" అని వెంకటరత్నం గారు హాలు పెట్టె తెప్పించారు. "ఇదిగో, దొంగ లేని పెట్టె. ఇందులో ఐదులో అను చూద్దాం."

ఆయన పాడనంటారనుకున్నాను. పాడారు. రెండు పాదాలు నిలబడ్డాయి. మూడో పాదంలో గొంతు పైకి వెళ్ళి, అక్కడ చీలింది. మళ్ళీ అదే చోట మొదలుపెట్టారు, మళ్ళీ చీలింది. మూడోసారికి మాణిక్యమ్మ గారు లేచి తెర చుట్టడం మొదలుపెట్టారు. అది చూసి ఆయన ఆపేశారు.

"నాలుగున్నర వాళ్ళు మా గూడెంలో వీధికి నలుగురున్నారయ్యా" అన్నారు వెంకటరత్నం గారు. గంట కిందట కండువా తడుపుకున్నది ఆయనే.

స్టేషనులో సుబ్బారాయుడు నాకు ఎడంగా నిలబడ్డాడు. రామస్వామి గారు మాత్రం దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది.

"మీ చెవి మంచిదేనండి మేస్త్రీగారూ. మాలో ఎవరూ కాదన్లేదు కదండీ" అన్నారు.

సమాజం ఆ నెల దాటలేదు. వాళ్ళు వలలకే పోయారు, తెరలు దోనెల మీద ఎండకు కప్పుకున్నారని విన్నాను. ఇంటి దగ్గరైనా ఆయన పాడుకునేవారని రాయగలిగితే బాగుండేది. పాడలేదు. ఆ పెట్టె ఇంకెవరికీ పనికిరాలేదు, ఇత్తడి తిరిగి రాదని ముందే చెప్పాను. నాకు మాత్రం పని పెరిగింది. "అన్ని రీడ్లూ సమంగా దింపిన మేస్త్రీ" అని నాగభూషణమే ఊరూరా చెప్పాడు. హాలు పెట్టెలు కూడా వెంకటరత్నం గారు నా దగ్గరికే పంపారు. నేను చేశాను. వద్దనలేదు.

పనివాడి పేరు తీసిపారేస్తే ప్రాణం విలవిల్లాడుతుంది, నిజమే. కాని ఆ రోజు నన్ను చెవిటివాడనుకుంటే నాకు పోయేది నాలుగు బేరాలు. నేను అనిపించుకోకపోవడం వల్ల పదకొండు మంది పని పోయింది, ఒక గొంతు పోయింది. నిజం చెప్పానని చాలా ఏళ్ళు నన్ను నేను వెనకేసుకొచ్చాను. నా పేరు కోసం అన్న మాటకు నిజం అని పేరు పెట్టుకున్నాను. ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళకు చెవి సంగతి అందరూ చెబుతారు. నోటి సంగతి నేను చెబుతున్నాను.

ఆ పగలు ఆ హాలులో ఉన్నవాళ్ళం ఏడుగురం: పాడిన సైదు రామస్వామి గారు, తెర చుట్టిన మాణిక్యమ్మ గారు, పెట్టె వాయించిన సుబ్బారాయుడు, హాలు వెంకటరత్నం గారు, క్లారినెట్ నాగభూషణం, పాట బాగుందన్న సింహాచలం, నేను, దావీదు మేస్త్రీని.