ఆకు పొట్లంలో వచ్చిన మెమొరీ కార్డు

సుక్మా బస్టాండు వెనక నాకొక ఫొటో స్టూడియో ఉంది. స్టూడియో అన్నది బోర్డు మీద మాట. నిజానికి అక్కడ ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను, జిరాక్సులు తీస్తాను, పాస్‌పోర్టు సైజు ఫొటోలు కొడతాను, తెరుచుకోని ఫొటోలతో తంటాలు పడతాను. ఈ చివరి పని కోసమే ఎక్కువమంది వస్తారు. లోపలి పల్లెల్లో సిగ్నల్ ఉండదు కనుక పాటలూ ఫొటోలూ వీడియోలూ అన్నీ గోరంత మెమొరీ కార్డులో ఎక్కి ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు తిరుగుతుంటాయి. ఆ కార్డును పొగాకు డబ్బాలో పెట్టుకొస్తారు, కొంగున ముడేసుకొస్తారు. ఒకాయనైతే బుగ్గన పెట్టుకొచ్చి నోట్లోంచి తీసి ఇచ్చాడు. నేను తిడతాను. నా నోరు మంచిది కాదని బజారంతా తెలుసు, అయినా వస్తారు.

వరికోతలు అయిపోయిన రోజుల్లో ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనది కోంటా దారిలో, రోడ్డుకు కాస్త లోపలున్న ఊరు. దోర్ల తెగ రైతు. మావాళ్లు కోంటాలో కిరాణా వ్యాపారం చేసినవాళ్లు కాబట్టి ఆయన మాట నాకు సులువుగానే అర్థమవుతుంది. నడుముకు కట్టుకున్న తువ్వాల విప్పి, దారంతో కట్టిన ఆకు పొట్లం ఒకటి కౌంటరు మీద పెట్టాడు. విప్పితే లోపల కార్డు, దానికి అంటుకుని నాలుగు బియ్యపు గింజలు, పైన పచ్చగా ఎండిపోయిన పసుపు. నాకు ఒళ్లు మండింది.

“ఏంది పెద్దయ్యా ఇది? చిప్పుకు పసుపు పూస్తరా ఎవరన్న? ఇదేమన్న పెండ్లిపిల్లనా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. “ఆమెను అడిగి తెచ్చిన బిడ్డా. అడిగేటప్పుడు పసుపు, బియ్యం పెట్టాలె గద,” అన్నాడు.

ఆమె అంటే ఆయన భార్య. వానలు మొదలైనప్పుడు జ్వరంతో పోయిందట. వాళ్ల ఊళ్లో మనిషి పోతే ఆ మనిషి వాడిన వస్తువులు పూడ్చినచోటే వదిలేస్తారు. ఆమె చెంబు, దువ్వెన, గొడుగు, రెండు చీరలు అక్కడ పెట్టారు. ఫోను కూడా ఆమెదే కనుక దాన్నీ పెట్టేశారు. ఎవరి వస్తువు వాళ్లతో పోవాలి, అందులో ఆలోచించడానికేముంది? ఆమెకున్న ఒకే ఒక్క మంచి ఫొటో ఆ ఫోనులోనే ఉందన్న సంగతి అప్పుడెవరికీ తట్టలేదు. వానాకాలమంతా ఆ ఫోను గొడుగు పక్కన తడుస్తూనే ఉంది.

కోతలయ్యాక ఆమె పేరు మీద రాయి నిలబెట్టాలి. ఆ రాయి మీద బొమ్మలు వేయించడం మా వైపు ఉన్నదే. తోంగ్‌పాల్ నుంచి వచ్చే రంగులాయన, ముఖం వెయ్యాలంటే ఫొటో కావాలన్నాడట. లేకపోతే ఏదో ఒక ఆడమనిషి ముఖం వేసి పోతానన్నాడట.

“ఆధార్ ఉంటది గద పెద్దయ్యా. దాంట్ల ఫొటో తీసిస్త,” అన్నాను.

“దాంట్ల ఉన్నది ఆమె కాదు,” అన్నాడాయన. “పోలీసోణ్ని చూసినట్టు నోరు బిగబట్టుకొని చూస్తున్నది. నా పెండ్లాం గట్ల ఎన్నడు కూసోలే. దీంట్ల ఉన్నది వేరే. ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుతుంటె మా తమ్ముని బిడ్డ ఫొటో కొట్టింది. నవ్వుతున్నది.”

ఇచ్చిన వస్తువును మళ్లీ తీసుకోవడానికి ఊరి పెద్దలు ముందు ఒప్పుకోలేదట. చివరికి సారా పోసి, పసుపు బియ్యం పెట్టి, మళ్లీ తెచ్చి ఇచ్చేస్తానని ఆమెకు చెప్పి, ఫోనులోంచి కార్డు తీసుకున్నాడు. “తెరుచుకోకపోతె ఊకెనే లేపినట్టయితది బిడ్డా ఆమెను,” అన్నాడు.

పెన్సిలు రబ్బరుతో కార్డు వెనక పసుపును మెల్లగా తుడిచాను. దూదిని స్పిరిట్‌లో ముంచి ఇంకోసారి తుడిచి, ఆరనిచ్చి, కంప్యూటరుకు పెట్టాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి కార్డు కనిపించింది కానీ, ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. అవునన్న చోట నొక్కి ఎన్ని కొంపలు మునిగాయో నాకు తెలుసు. వద్దన్నాను. ముందు కార్డులో ఉన్నదున్నట్టు మొత్తం నకలు తీసి, పోయినవాటిని వెతికే ప్రోగ్రామును ఆ నకలు మీద నడిపాను. పెద్దాయన బెంచీ మీద కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చూస్తున్నాడు. టీ ఇప్పిస్తే అది చల్లారిపోయింది.

ఫైళ్లు వచ్చాయి, పేర్లు రాలేదు. పాటలు మోగాయి. ఒక మేక, ఎవరిదో మోటార్‌సైకిలు, వంకరగా తీసిన ఆకాశం తెరుచుకున్నాయి. ఇప్పచెట్టు ఫొటో మాత్రం పైన ఒక్క పట్టీ వరకే తెరుచుకుంది. కొమ్మలు, కొంచెం ఎండ, కింద అంతా బూడిదరంగు. వేరే ప్రోగ్రాములో తెరిచాను. ఫైలు పేరు చివర మార్చి చూశాను. మూలనున్న పాత కంప్యూటరులో పెట్టాను. ప్రతిచోటా ఆ కొమ్మలే, ఆ బూడిదరంగే. ఆయన లేచి వచ్చి ఆ బూడిదరంగు మీద వేలు పెట్టాడు.

“ఇక్కడ ఉన్నది ఆమె. ఇక్కడ గంప, ఇక్కడ ఆమె,” అన్నాడు.

చాలా బాధ వేసింది నాకు. కిందటేడు మా అమ్మ పోయింది. అమ్మ ఫొటోలు నా దగ్గర ఎన్నున్నాయో చెప్పలేను. రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి, నకలుకు నకలు కూడా ఉంది. ఒక్కటి కూడా చెడిపోలేదు. కానీ ఆ ఫోల్డర్ తెరవడానికి ఇప్పటిదాకా నాకే చేతులు రాలేదు. ఈయనకేమో ఉన్నది ఒక్కటి, అదీ సగంలో ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫోను ఫొటో తీసినప్పుడు, గ్యాలరీలో త్వరగా చూపించడానికి చిన్న బొమ్మ ఒకటి ఫైలు మొదట్లోనే దాచుకుంటుంది. చెడిపోయింది కింది భాగం. మొదలు బాగానే ఉంది. ఆ చిన్న బొమ్మను విడిగా బయటికి తీశాను. తపాలా బిళ్లంత వచ్చింది.

ఇప్పపువ్వు గంప పక్కన చతికిలబడి, పిలిస్తే తల తిప్పినట్టుంది ఆమె. నోరంతా తెరిచి నవ్వుతోంది. పైన ముందు పన్ను లేదు. పెద్దది చేస్తే గళ్లుగళ్లుగా విడిపోతోంది కానీ, ఆ పన్ను లేని నవ్వు మాత్రం చెదరలేదు.

పెద్దాయన తలపాగా తీసేశాడు. తెర దగ్గరికి వంగాడు. “దొరికినవా,” అన్నాడు ఆమెతో, మెల్లగా.

రంగులాయనకు పనికొచ్చేంత సైజులో ప్రింటు తీసి, కవర్లో పెట్టి ఇచ్చాను. కార్డు మళ్లీ ఆకులో చుట్టుకున్నాడు. లేవబోతూ అడిగాడు, “నీ డబ్బాల ఇంక ఉన్నదా బిడ్డా ఆమె?”

“ఉన్నది. భద్రంగ ఉంటది. ఎప్పుడంటె అప్పుడు ఇంకోటి తీసిస్త,” అన్నాను గొప్పగా.

“తీసెయ్యి.”

నేను వినలేదనుకుని మళ్లీ అన్నాడు. నాకు కోపం వచ్చింది. పొద్దుటినుంచి కళ్లు పోగొట్టుకుని తీసింది ఇందుకేనా అన్నాను. ఈ కాగితం చిరిగితే, రంగు పోతే ఏం చేస్తావన్నాను. ఎవరికీ చూపించనని కూడా అన్నాను. ఆయన అంతా విన్నాడు.

“ఆమెకు మాటిచ్చిన గద. కార్డు ఇచ్చేస్త, బొమ్మ గీసినంక ఈ కాయితం గూడ ఆడనే పెడత. నీకాడ కొంచెం, ఆడ కొంచెం ఉంటె ఆమె ఎట్ల పోతది? పోనియ్యి బిడ్డా.”

నకలును, పాత కంప్యూటరులో పెట్టినదాన్ని, బయటికి తీసిన చిన్న బొమ్మను ఆయన ముందే చెరిపేశాను. నిజంగానే చెరపాలా అని కంప్యూటరు అడిగినప్పుడు నా వేలు ఆగిపోయింది. ఆయన తెర వైపు కాక నా వైపు చూస్తున్నాడు. నొక్కాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను.

మరుసటి ఏడాది వానలు వెళ్లాక కోంటాలో మావాళ్లింటికి పోతూ, బస్సు టైరు మార్చడానికి ఆగితే దిగాను. రోడ్డు పక్కన కొత్తా పాతా రాళ్లు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద గంప, ఇప్పచెట్టు, నవ్వుతున్న ఆడమనిషి. ఆమేనని పోల్చుకున్నాను. రంగులాయన ముందు పన్ను చోట నల్లటి చుక్క పెట్టాడు. కళ్లు మాత్రం వానకు కొట్టుకుపోయాయి, చీర సగం వెలిసింది. రాయి మొదట్లో గొడుగు చువ్వలు, చెంబు, మట్టిలో దిగిపోయిన ఫోను.

పక్క పొలంలోంచి ఆ పెద్దాయనే గట్టెక్కి వచ్చాడు. నన్ను పోల్చుకున్నాడు.

“చెప్పలేదా నేను?” అన్నాను ఉండబట్టలేక. “ఒక్కటి ఉంచుకుంటె ఇయ్యాల మల్ల వేయించెటోళ్లం గద.”

ఆయన రాయి మీద అంటిన మట్టిని అరచేత్తో తుడిచాడు. “నాకు గూడ గట్లనే అయితున్నది బిడ్డా. ముందుగాల ఆమె గొంతు పోయింది. ఇప్పుడు కండ్లు యాదికొస్తలేవు. నవ్వు ఉన్నది ఇంక,” అన్నాడు. “అది గూడ పోతె నేను పోయే యాళ్ల అయితది.”

బస్సు హారన్ కొట్టింది. వచ్చి ఎక్కి కూర్చున్నాను. కోంటాలో రెండు రోజులు ఉండి తిరిగొచ్చిన సాయంత్రం దుకాణం తెరిచి, అమ్మ ఫోల్డర్ మీద నొక్కాను. అన్నీ తెరుచుకున్నాయి.