ఎస్సైగారికి ముందు చూపించిన సినిమాలు

రెండువేల దశకం మొదట్లో నేను పూండి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు డ్రిల్లు మాస్టారుని. పొద్దున్న పిల్లల చేత కసరత్తు చేయించడం, సాయంత్రం కబడ్డీ ఆడించడం నా పని. నాతో పాటు ట్రైనింగు చదివిన స్నేహితుడొకడు విశాఖపట్నంలో ఉండేవాడు. వాడికి సినిమాల పిచ్చి, ఒక ఫిల్మ్ క్లబ్బులో తిరిగేవాడు. దసరా సెలవుల్లో వాళ్ళింటికి వెళ్తే ఒక డిస్కు పెట్టి చూపించాడు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, ఐస్‌లాండ్ వాళ్ళు తీసిన చిన్న చిన్న నాట్య చిత్రాలు. ఒక్కొక్కటి ఐదారు నిమిషాలే. మాటలు లేవు, కొన్నింటిలో సంగీతం కూడా లేదు. మనిషి నడవడం, ఒరగడం, పడడం, ఇంకో మనిషిని మోయడం, అంతే. ఒంటితో పనిచేసేవాణ్ణి కాబట్టేమో, నేను కన్నార్పకుండా చూశాను.

"మా ఊళ్ళో వేద్దాం. తుపాను షెల్టరు ఖాళీగానే ఉంటాది" అన్నాను.

వాడు నవ్వి, ప్రొజెక్టరు తానే తెస్తానన్నాడు. డిస్కు నా చేతికిచ్చాడు.

ఊరికి వచ్చి మూడు పోస్టర్లు రాశాను. "ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు తుపాను షెల్టరులో చలిదేశాల ఆటల చిత్రాలు. అందరూ రండి. ప్రవేశం ఉచితం." స్కూల్లో ఆటల బోర్డులు రాయడానికి తెచ్చిన ఎర్ర రంగు మిగిలి ఉంటే దానితోనే రాసేశాను. ఒకటి షెల్టరు తలుపుకి, ఒకటి టీ బడ్డీకి, ఒకటి పూండి రైల్వే స్టేషను బయటి గోడకి అంటించాను.

ఆ రోజుల్లో మా ఉద్దానం తోటల్లో నక్సలైటు దళాలు తిరుగుతున్నాయని పోలీసులు ఊళ్ళ మీదికి వచ్చేవారు. పోలీసులు వస్తున్నారని తెలిస్తే జనం పొలం పని మధ్యలో వదిలేసి ఇళ్ళకి చేరేవారు. గోడ మీద ఎర్ర అక్షరాలు, అందులో 'ఆట' అన్న మాట, పదిమందినీ ఒకచోటికి రమ్మన్న పిలుపు. ఇవి మూడూ కలిస్తే పోలీసులు ఎలా చదువుతారో నాకు తెలిసుండాల్సింది. ఎందుకంటే ఇరవయ్యేళ్ళ వయసులో ఒక ఏడాది పాటు నేను కూడా కాళ్ళకి గజ్జెలు కట్టి ఊరూరా పాటల దళంతో ఆడినవాణ్ణే. ఉద్యోగం రాగానే మానేశాను. పెళ్ళికి ముందు ఆ సంగతి మా ఆవిడకి చెప్పాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

గురువారం మూడో పీరియడులో హెడ్డు కానిస్టేబులు సైకిలు మీద గ్రౌండులోకి వచ్చాడు. బారువ వైపు మనిషి. ఏటా స్కూలు ఆటల పోటీలకి బందోబస్తు డ్యూటీ మీద వచ్చేవాడు కనక ముఖపరిచయం ఉంది.

"మాస్టారూ, ఎస్సైగారు బేగి రమ్మన్నారు. ఆ డిస్కు కూడా అట్టుకు రమ్మన్నారు."

"ఏటి ఇసయం?"

"నాకేటి తెలుసు. పోస్టరు సూసారు." ఆ మాట నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు.

హెడ్మాస్టారు రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, "పూట సెలవు రాసిచ్చి ఎల్లండి" అన్నారు. ఇంటికి వెళ్ళి డిస్కు తీసుకున్నాను. మా ఆవిడ లేదు. వాళ్ళ నాన్నకి కిడ్నీ పరీక్షలని ముందురోజే విశాఖపట్నం తీసుకెళ్ళింది. చెప్పడానికి ఎవరూ లేరు. తాళం వేసి తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. ఒకవేళ రాకపోతే అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది.

పోలీసు స్టేషనులో ఎస్సై ముందుకి వెళ్ళాను. చిన్నవాడు. కృష్ణా జిల్లా వైపునుంచి వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. కూర్చోమన్నాడు.

"ఏం సినిమాలు మాస్టారూ ఇవి?"

"డాన్సు సినిమాలండి. చలిదేశాలవి."

"మన ఊళ్ళో వాళ్ళకెందుకు అవి?"

"బాగుంటాయండి" అన్నాను.

బజారులోని వీడియో షాపు నుంచి టీవీ, ప్లేయరు తెప్పించి ఉంచారు. ఎస్సై బల్ల పక్కన పెట్టి డిస్కు వేశారు. ఎస్సై, హెడ్డు, ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్ళు, బల్లకి ఈవల నేను. జీడిపిక్కల దొంగతనం మీద ఫిర్యాదుకొచ్చిన మా పక్క ఊరి ఆడమనిషి ఒకామె గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు.

మొదటి సినిమా అద్దాల భవనంలో ఇద్దరు ఆడవాళ్ళది. చివరిదాకా పోనిచ్చారు. రెండోది చేపల ఫ్యాక్టరీలో. రబ్బరు బూట్లు, పొడుగాటి ఏప్రాన్లు వేసుకున్న పనివాళ్ళు వరసగా నిలబడి నెమ్మదిగా ఊగుతారు. ఊగి ఊగి అందరూ ఒక్కసారి చేతులు పైకెత్తుతారు.

"ఆపు" అన్నాడు ఎస్సై.

తెరమీద బొమ్మ ఆగింది. పాతికమంది కార్మికులు, పాతిక పిడికిళ్ళు.

"ఇదేంటి?"

"చేపల ఫ్యాక్టరీ అండి."

"అది కనబడుతోంది. పిడికిలి ఎందుకెత్తారు? ఏ పార్టీ వాళ్ళు?"

"పార్టీ కాదండి, డాన్సర్లు."

"నువ్వు కూడా ఒకప్పుడు డాన్సరువేగా." అప్పటిదాకా 'మీరు' అని పిలిచిన మనిషి. బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు గానీ చదవలేదు. "గజ్జె కట్టి ఏ ఏ ఊళ్ళు తిరిగావో మాకు తెలీదనుకున్నావా?"

సినిమాని వెనక్కి తిప్పించి ఆ ముక్క మళ్ళీ చూశారు. మూడోసారి చూస్తున్నప్పుడు వెనక నుంచి హెడ్డు గొంతు సవరించుకున్నాడు.

"సార్, అది పిడికిలి కాదు సార్. వల లాగతన్నారు. మావోలు తీరాన లాగినప్పుడు తాడు అలగే అట్టుకుంతారు."

"వల ఎక్కడుంది?"

"ఉన్నట్టు సేత్తన్నారు సార్. డాన్సు కదా."

ఎస్సై వెనక్కి తిరిగి అతన్ని చూశాడు. ఆ తర్వాత ముందుకి పోనివ్వమన్నాడు.

మూడోది మంచు సినిమా. పొడుగాటి కోటు వేసుకున్న ఒక మనిషి మంచు మైదానంలో నడుస్తూ పడిపోతాడు. లేస్తాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ పడతాడు. సినిమా అంతా అంతే. ఊపిరి చప్పుడు, మంచు నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"దీనర్థం చెప్పు" అన్నాడు ఎస్సై.

"నాకు తెలీదండి."

"తెలీకుండా ఊరందరికీ చూపిస్తావా? అర్థం లేకుండా ఎవడూ ఇన్నిసార్లు పడడు. చేసి చూపించు. అప్పుడైనా తెలుస్తుందేమో."

హాస్యానికి అన్నాడేమోనని అతని ముఖంలోకి చూశాను. కాదు. కుర్చీ వెనక్కి జరిపి నేల చూపించాడు. చెప్పులు విడిచి లేచాను. రెండడుగులు వేసి, పిల్లలకి నేర్పినట్టే మోకాలు మడిచి, అరచెయ్యి ఆనించి, దెబ్బ తగలకుండా పడ్డాను. కానిస్టేబుళ్ళలో ఒకడు నవ్వాడు.

"అతను అలా పడలేదు" అన్నాడు ఎస్సై.

రెండోసారి చెయ్యి ఆనించలేదు. మోచెయ్యి సిమెంటు నేలకి కొట్టుకుంది. లేచాను. మూడోసారి పడ్డాను. పడుతున్నప్పుడు భయం లేదు. లేచి నిలబడినప్పుడే సిగ్గు ముంచుకొచ్చేది, అది భరించలేక మళ్ళీ పడేవాణ్ణి. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "చాలు" అన్న మాట వినిపించింది. అయినా ఇంకోసారి పడ్డాను. ఎందుకు పడ్డానో ఇప్పటికీ చెప్పలేను. అతను ఆపమన్నప్పుడు ఆగడం ఇష్టం లేక అనుకుంటాను.

ఎస్సై కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మిగతా సినిమాలు పెట్టమనలేదు.

"ఆదివారం వేసుకోండి మాస్టారూ" అన్నాడు, మళ్ళీ మీరులోకి వచ్చి. "మావాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఆ ఫ్యాక్టరీది మాత్రం వెయ్యకూడదు. వేస్తే బాధ్యత మీదే."

శనివారం మా ఆవిడ తిరిగొచ్చింది. మోచెయ్యి చూసి ఏమైందంటే కబడ్డీలో తగిలిందన్నాను. మా మావగారి పరీక్షల రిజల్టు మంచిగా రాలేదు. ఆ మాటల్లో ఇది మరుగున పడిపోయింది. ఆదివారం మానేద్దామని ఆ రాత్రంతా అనుకున్నాను. స్నేహితుడు అప్పటికే బయల్దేరి ఉంటాడు. మానేస్తే భయపడ్డానని తెలుస్తుంది. వేస్తే ఏమవుతుందో తెలీదు.

ఆదివారం షెల్టరు ముందు జీపు ఆగి ఉంది. జనం వచ్చారు గానీ కొబ్బరిచెట్ల దగ్గరే నిలబడిపోయారు. లోపల కిటికీలు మూసేశాం, సున్నం వేసిన గోడ మీద వెలుగు పడుతోంది, చాపలు ఖాళీ. మా ఆవిడ ఒక్కర్తే నడిచి వెళ్ళి ముందు చాప మీద కూర్చుంది. వెనక్కి తిరిగి, "రండర్రా, అక్కడ నిల్సుంటే ఏటి కనిపిత్తాది?" అని కేకేసింది. ముందు ఆడవాళ్ళు కదిలారు, ఆ వెనక మగవాళ్ళు. హెడ్డు ఇంకో కానిస్టేబులుతో వెనక గోడకి చేరబడ్డాడు. ఎస్సై రాలేదు.

అద్దాల భవనం సినిమా అయిపోవచ్చే వేళకి నేను రిమోటు చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. రెండోది దాటించాలి. నొక్కాను. పని చెయ్యలేదు. మళ్ళీ నొక్కాను. రబ్బరు బూట్లు గోడ మీదికి వచ్చేశాయి. నా స్నేహితుడికి ఈ షరతు సంగతి చెప్పనే లేదు, వాడు అర్థంకాక నా వైపు చూస్తున్నాడు. ప్లగ్గు పీకేద్దామంటే అది జనం అవతల ఉంది. వెనక్కి తిరిగి చూశాను. హెడ్డు గోడ మీద బొమ్మ చూస్తున్నాడు. తన పక్కనున్న కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేశాడు.

"దాహమేత్తంది. పద, బోరింగు కొట్టు" అని అతన్ని బయటికి తీసుకెళ్ళిపోయాడు.

చేతులు లేచాయి, దిగాయి. బయట బోరింగు కిర్రుమంటూనే ఉంది. సినిమా అయ్యేదాకా అది ఆగలేదు.

మంచు మనిషి వచ్చినప్పుడు మొదట పిల్లలు నవ్వారు. నాలుగోసారి పడ్డాక నవ్వు పల్చబడింది. ముందు వరసలో ఒక ముసలామె పైకే అంది, "అన్నిసార్లు పడిపోతన్నాడు, ఎవలూ లేపరేటి?"

నేను చీకటి మూలకి జరిగి నిలబడ్డాను. ఐదో సినిమా సగంలో కరెంటు పోయింది. కాసేపు చూసి జనం లేచి వెళ్ళిపోయారు. హెడ్డు వచ్చి డిస్కు అడిగి తీసుకున్నాడు. పైవాళ్ళకి పంపాలన్నారట. అది మళ్ళీ నాకు రాలేదు, నేను అడగనూ లేదు.

స్నేహితుణ్ణి సాయంత్రం బండి ఎక్కించి వచ్చాను. మా ఆవిడ పెరట్లో గిన్నెలు తోముతోంది.

"స్టేషన్లో మీరు కూడా అలగే పడ్డారట కదా" అంది, చేతులు ఆపకుండా. "జీడిపిక్కల కేసు పెట్టినామె సెప్పింది. సినిమా అయ్యాక."

అరుగు మీద కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను, సొరుగులో కాగితంతో సహా.

"నాకు నిన్ననే సెప్తే మిమ్మల్ని ఇయ్యాల షెల్టరుకి ఎల్లనిచ్చేదాన్ని కాదు" అంది చివరికి.

"అందుకే సెప్పనేదు."

"నాను ముందు చాప మీద కూకున్నానే. నాకు తెలిసుంటే కూకోపోదును. భయంతో చచ్చిపోదును."

గిన్నెలు లోపల పెట్టి వచ్చి నా మోచెయ్యి వెలుగులోకి తిప్పి చూసింది. అది నాలుగో రోజు, నల్లగా కమిలిపోయి ఉంది. నొప్పిగా ఉందా అని అడిగితే లేదన్నాను. వేలితో నొక్కింది. అరిచాను. "మరెందుకు అబద్దాలు" అని కోప్పడి ఆముదం తేవడానికి లోపలికి వెళ్ళింది.

నన్ను మళ్ళీ ఎవరూ పిలిపించలేదు. ఏడాది తిరక్కుండా ఎస్సైకి బదిలీ అయింది. తర్వాత నాకూ టెక్కలి వైపు బదిలీ వచ్చింది. వెళ్ళేదాకా ఆ ఊళ్ళో నేను మరో పోస్టరు రాయలేదు.