నర్సక్క చూసిన నీటిచుక్క

రాయికల్ దగ్గరి పల్లెలో నాట్లు వేస్తూ పెరిగిన నర్సక్క, పెళ్లయ్యాక సిరిసిల్ల చేరి కండెలు చుట్టే పనిలో కుదురుకుంది. మరమగ్గాల కోసం పాలిస్టర్ దారాన్ని రాట్నం మీద చిన్న కండెలకు ఎక్కించడం ఆమె పని. పగలంతా ఇంట్లో దారం నుంచి రాలే సన్నటి నూగు ఎగురుతుండేది. మనవరాలు నీల ఆ గదిలోనే ఆడుకుని, మూలనున్న కుండలో నీళ్లు ముంచుకుని తాగేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బడులు మూతపడి, పంతుళ్లు రోడ్డు మీద టెంటు వేసుకుని కూర్చున్నారు. సైన్సు చెప్పే కనకయ్య సారు పిల్లల కోసం బడి మైక్రోస్కోపు తెచ్చి స్టూలు మీద పెట్టాడు.

"ఎవరింటి నీళ్లు వాళ్లు తీస్కరాండ్రి. అండ్ల ఏమున్నదో సూద్దాం" అన్నాడు.

నీల సీసాలో కుండనీళ్లు పట్టుకుని బయలుదేరింది. వెంట నర్సక్క వెళ్లింది.

సారు గాజుపలక మీద ఒక చుక్క వేసి ఆమెనే చూడమన్నాడు. మొదట వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన మర తిప్పగానే నున్నటి కడ్డీలు తేలాయి, గాజులా తళతళలాడుతూ. ఒక్క చుక్కలో ఇంత లోకం ఉందా అని నర్సక్క ఊపిరి బిగబట్టింది.

"గివేంది సారూ, పురుగులా?"

ఆయన ఆమె కొంగుకు అంటుకున్న పోగును తీసి పలక మీద పెట్టాడు. మళ్లీ చూసింది. రెండూ ఒక్కటే.

"నేను జుట్టిన దారమే. పోరి కడుపులకు పోతున్నదా?"

"పోతది. గిది ప్లాస్టిక్ దారం నర్సక్కా, మురగది. పిల్లలకు ఏం జేస్తదో నాకు సుత తెల్వది."

ఆ పూటే కుండను వసారాలోకి మార్చి, నీళ్లు మడతబట్టలో వడగట్టి, మూత బిగించింది.

పక్కింట్లో కండెలే చుట్టే రాజవ్వ నవ్వింది. "కంటికి కనవడనిదానికి గింత లొల్లా?"

నర్సక్క ఆమె ఇంటి నీళ్లే సీసాలో పట్టి, చెయ్యి పట్టుకుని టెంటుకు తీసుకుపోయింది. రాజవ్వ ఎంతసేపు చూసిందో! తలెత్తాక వాడంతా తిరిగి చెప్పింది. మర్నాడు వాడ ఆడవాళ్లంతా సీసాలతో వరుసకట్టారు.

సమ్మె ముగిసే ముందు నర్సక్క తన నీళ్లు మరోసారి చూపించింది. ఎంత వెతికినా ఒకే ఒక్క పోగు.

"వడగట్టినా అచ్చింది" అంది అబ్బురంగా.

రాజవ్వ పెరట్లో ఖాళీ రేకుల షెడ్డు ఉంది. సమ్మె ముగిశాక, ఇళ్లలో నూగే ఎగరకుండా, ఆడవాళ్లు రాట్నాలన్నీ అందులోకి మోసుకెళ్లారు.