రెండు ఎడమ పలకలు

చెక్కల షెడ్డులో ఆయన్ని అందరూ పెద్దల్లుడనే పిలుస్తారు. ఒకప్పుడు అక్కడ మేస్త్రిగా చేసినాయన తన కూతుళ్ళిద్దర్నీ ఆ షెడ్డు పనివాళ్ళకే ఇచ్చాడు. పెద్దదాన్ని చేసుకున్నోడు పెద్దల్లుడు, చిన్నదాన్ని చేసుకున్నోడు చిన్నల్లుడు. మామ పోయి నాలుగేళ్ళయినా ఆ పేర్లు పోలేదు.

పెద్దల్లుడు ఐదో తరగతిలో బడి మానేసి రంపం పట్టాడు. ఇప్పటికి ఇరవయ్యారేళ్ళు. చెవి మీది పెన్సిలు తీసి పలక మీద ఒక్క చుక్క పెట్టాడంటే బెజ్జం అక్కడే పడాలి. కొలిచి చూసినోళ్ళే తర్వాత సిగ్గుపడేవాళ్ళు. అలాంటిది రెండేళ్ళ కింద మెషీన్ దిగింది. మెషీన్ వెనకాలే ఒక అద్దాల గది, గదిలో ఏసీ, ఏసీ కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ, ఆ కుర్చీలో చిన్నల్లుడు.

చిన్నల్లుడు మూడు నెలలు ఏదో కంప్యూటర్ క్లాసుకి పోయొచ్చాడు. తెర మీద బీరువా బొమ్మ గీస్తాడు. ఒక్కో పలకనీ తెరిచి, ఇక్కడ బెజ్జం, ఇంత లోతు, ఇక్కడ గాడి, ఇంత పొడుగు అని మౌస్ నొక్కుతాడు. మెషీన్ పోయి అచ్చం అలాగే కోసేస్తుంది. పెద్దల్లుడు నడుం వంచి ఇరవయ్యారేళ్ళు చేసిన పని, వాడు నడుం వాల్చి చేస్తున్నాడు. మంట అంతా అక్కడే.

ఇంట్లో ఆ మంటకి ఊదేవాళ్ళు ఉండనే ఉన్నారు.

"మా చెల్లి వాళ్ళాయన చొక్కా చూశారా? మూడు రోజులేసినా ఇస్త్రీ నలగదు. మీ చొక్కా దులిపితే బస్తాడు పొట్టు."

"పొట్టు రాలకుండా కూడు రాదే పిచ్చిదానా."

"వాళ్ళకి వస్తోందిగా!"

పెద్దల్లుడు చెప్పులేసుకుని షెడ్డుకి పోయాడు.

పైగా చిన్నల్లుడు రోజుకి నాలుగైదు సార్లు గది తలుపు తీసి కేకేస్తాడు. "అన్నయ్యా, చల్లటి నీళ్ళు తాగి పో!" ఇదంతా కుర్చీ చూపించుకోవడానికి కాకపోతే దేనికని పెద్దల్లుడు పళ్ళు నూరుకుంటూనే పోయేవాడు. దాహం కదా మరి.

ఇంతలో వీధి చివర కొత్త షెడ్డు కట్టాడు ఓనరు. ఇద్దర్నీ పిలిచి చెప్పాడు. "కొత్త షెడ్డుకి మేస్త్రి మీ ఇద్దరిలో ఒకరే. హాస్టలు వాళ్ళ నలభై బీరువాలు అయ్యాక ఎవరో చెప్తా." ఆ రోజు నుంచి పెద్దల్లుడికి ముద్ద దిగితే ఒట్టు. మామ చేసిన మేస్త్రిగిరీ వాడికి పోతే ఇంట్లో ఇక తలెత్తుకోగలడా?

ఒకరోజు పొద్దున్నే కేక. "అన్నయ్యా, నీళ్ళు!"

గ్లాసు ఎత్తుతుంటే కన్ను తెర మీద పడింది. ఎడమ పలక, పక్కన కుడి పలక. వెనక చెక్క దూరే గాడి రెండిటికీ ఒకవైపే ఉంది. వీడు ఎడమ పలకని కాపీ కొట్టి కుడి పక్కన పెట్టాడు, అద్దంలోలాగా తిప్పడం మర్చిపోయాడు. రెండు కాళ్ళకీ ఎడమ చెప్పే!

"తమ్ముడూ" అని నోటిదాకా వచ్చింది. అప్పుడే చిన్నల్లుడు కుర్చీలో వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకున్నాడు. కుర్చీ హాయిగా కిర్రుమంది. ఆ చప్పుడు వినగానే పెద్దల్లుడు నీళ్ళతో పాటు మాటని కూడా మింగేశాడు.

"చల్లగా ఉన్నాయి" అని బయటికొచ్చేశాడు.

మధ్యాహ్నం దాకా మెషీన్ గుర్రుమంటూనే ఉంది. బెజ్జం బెజ్జానికీ ఆయన కడుపు చల్లబడింది. భోజనాలయ్యాక, ఏమీ ఎరగనట్టు మొదటి బీరువా బిగించడానికి కూర్చున్నాడు. వెనక చెక్క దూరలేదు. పలకని తలకిందులు చేసి పెడదామన్నా అడుగున బీరువా నిలబడే కాళ్ళ కోత ఉంది. నలభై కుడి పలకలూ దండగ.

ఓనరు వచ్చి షెడ్డు ఎగిరిపోయేలా అరిచాడు. చిన్నల్లుడు తల దించుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదే సార్. కొత్త షెడ్డు అన్నయ్యకే ఇవ్వండి. ఆయన చేతిలో ఒక్క పలక కూడా పోయేది కాదు."

"ఇంకా నువ్వు చెప్పాలా? ఆయనకే" అని ఓనరు ఆఫీసుగదిలోకి పోయాడు.

కోరుకున్నది చేతికొచ్చింది. నోట్లో మాత్రం రంపంపొట్టు నమిలినట్టుంది. పలకల దొంతి వెనక్కి పోయి నిలబడ్డాడు. చిన్నల్లుడు అక్కడికే వచ్చాడు.

"అన్నయ్యా, పొద్దున నువ్వు తెర చూశావు కదా?"

"చూశా."

"బాగానే చూశావా?"

పెద్దల్లుడు పక్క పలక మీది పొట్టు దులిపాడు.

"నీళ్ళకని నిన్ను ఎందుకు పిలుస్తాననుకున్నావ్? మెషీన్‌కి పంపేముందు నీ మొహం చూసుకుంటా. తేడా ఉంటే నీ కుడి కనుబొమ్మ లేస్తుంది. లేస్తే మళ్ళీ మొదట్నించి చూసుకుంటా. పొద్దున లేవలేదు. సరిగ్గానే ఉందని పంపేశా."

"నోరు తెరిచి అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"అడిగితే, ఏసీలో కూర్చున్నోడికి నాతో ఏం పని అనేవాడివి."

అనేవాడే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

పెద్దల్లుడు తిన్నగా ఆఫీసుగదిలోకి పోయాడు. "సార్, ఆ తప్పు నేను పొద్దున్నే చూశా. కుళ్ళుకుని చెప్పలేదు."

ఓనరు చేతిలోని లెక్కల పుస్తకం టపీమని మూశాడు. "ఒకడికి కళ్ళు లేవు, ఇంకొకడికి నోరు లేదు. కొత్త షెడ్డుకి బయటి మేస్త్రిని చూసుకుంటాలే. పోయి పని చూడండి."

ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలా అనుకుంటూనే పెద్దల్లుడు మర్నాడు పనికొచ్చాడు. నీళ్ళ కేక వినబడలేదు. పదింటిదాకా చూసి, తనే తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"నీళ్ళు ఇవ్వనా అన్నయ్యా?"

"నీళ్ళకేం తొందర. ముందు ఆ కుడి పలక తెరువు."

చిన్నల్లుడు గబుక్కున లేచి కుర్చీ ఇచ్చాడు. పెద్దల్లుడు కూర్చోగానే చక్రాలు వెనక్కి జారాయి, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చెవి మీది పెన్సిలు తీసి తెర మీద ఆనించాడు.

"అయ్యో, గీత పడుద్ది!"

"పడనీ. గాడి ఇటేగా? ఊఁ, సరిపోయింది."

మెడ మీద చల్లగాలి తగిలింది. రెండేళ్ళుగా పొద్దస్తమానం వీడు ఈ గాలిలోనా కూర్చున్నాడు అనుకునేసరికి కడుపులో మళ్ళీ భగ్గుమంది.

చిన్నల్లుడు కంగారుగా తెర మీదికి వంగాడు.

"కనుబొమ్మ లేచింది! ఇంకేం తప్పుంది అన్నయ్యా?"