రంగు గీతల ఇంగ్లీషు

రంగు పెన్సిలు చెక్కినప్పుడు వచ్చే ఆ కర్ర వాసనకు ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. నిన్న సాయంత్రం సైదాబాద్‌లోని మా ఇంట్లో మా అమ్మాయి పెన్సిళ్లు చెక్కుకుని హోంవర్కుకు కూర్చుంది: ఇంగ్లీషు వాక్యంలో నామవాచకం కింద ఎర్ర గీత, క్రియ కింద నీలం గీత. ఛత్రినాకలో ఏడో తరగతిలో నేను గీసినవే, రంగులు కూడా మారలేదు.

మా గల్లీ చివర రేకుల షెడ్డులో ఒక సారు ట్యూషన్ చెప్పేవాడు. ఆషాఢపు వాన రేకుల మీద దడదడమంటుంటే, పక్క బండి మీద మిర్చీలు వేగే వాసనకు నోరూరుతుంటే, ముప్పై మందిమి చాపల మీద మోకాళ్లు తగిలేలా కూర్చుని గీతలు గీసేవాళ్లం. 'ఎ', 'ద' తర్వాత నామవాచకం, చివర 'లీ' ఉంటే క్రియావిశేషణం, ఇలాంటి కిటుకులు వల్లె వేయించేవాడు. వాక్యానికి అర్థమేమిటని ఒకసారి అడిగినందుకు స్కేలు తిప్పి వేళ్ల కణుపుల మీద కొట్టాడు.

"అర్థానికి మార్కుల్లేవమ్మా. గీతలకే ఉన్నాయి."

ఆ గీతల్లో నేనే ఫస్టు. దర్జీ పని చేసే మా బాపు మిషన్ ఆపి మరీ గిరాకీలకు ఆ ముచ్చట చెప్పేవాడు.

ఆ ఏడు బోనాల రోజుల్లోనే అక్క నర్సింగు దరఖాస్తుకు జవాబు వచ్చింది, అంతా ఇంగ్లీషులో. తెలుగు మీడియం అక్కకు అది కొరుకుడు పడలేదు. ఎదురింటి గుమస్తాకు చూపిద్దామని అమ్మ అంటే బాపుకు పౌరుషం వచ్చింది.

"మన బిడ్డ ఇంగ్లీషుల ఫస్టు. ఇంకోని గడప తొక్కుడేంది?"

నేను పెన్సిళ్లు తీసి ఆ కాగితం మీదే వాక్యాలన్నిటికీ గీతలు కొట్టాను.

"ఏమున్నదే చెల్లె?" అంది అక్క.

'సెలెక్టెడ్' ఒక్కటే తెలిసింది. మిగతాది తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

"సీటొచ్చింది. పండుగైనంక పోవచ్చు" అన్నాను.

అమ్మ ఆ కాగితానికి పసుపు రాసి అమ్మవారి పటం ముందు పెట్టింది. ఇల్లంతా వేపాకు, బెల్లమన్నం వాసన, వీధిలో డప్పులు, పోతరాజు కొరడా చప్పుడుకు నేను అక్క వెనక దాక్కోవడం, అక్కేమో తెల్ల దుప్పటి చీరలా చుట్టుకుని అద్దంలో నర్సమ్మను చూసుకుని మురిసిపోవడం. అలా పదిహేను రోజులు దాటిపోయాయి.

పండుగయ్యాక బాపు, అక్క నర్సింగు స్కూలుకు వెళితే అక్కడి క్లర్కు 'వితిన్ ఎ ఫోర్ట్‌నైట్' అన్నచోట వేలు పెట్టాడట. పక్షం రోజుల్లోగా సర్టిఫికెట్లు తేవాలి. గడువు దాటింది, సీటు ఇంకొకరికి పోయింది. వితిన్ ప్రిపొజిషన్ కనుక దాని కింద ఆకుపచ్చ, ఫోర్ట్‌నైట్ నామవాచకం కనుక ఎరుపు. ఒక్క గీతా తప్పు పోలేదు.

"చిన్నది, దానికేమెరుక" అందే తప్ప అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. నర్సు కావలసిన మనిషి ఇవాళ్టికీ జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఆ సారు మీద నా కోపం చల్లారలేదు, చల్లార్చుకోను కూడా. అబద్ధమాడిన నా మీద అంతకంటే ఎక్కువ.

ఇప్పుడు ఆ రేకుల షెడ్డు లేదు, మొబైల్ దుకాణం వచ్చింది. మిర్చీ బండి లేదు, బాపూ లేడు. పోవలసింది మాత్రం పోలేదు. నిన్న మా అమ్మాయి పేజీ నిండా గీతలు గీసి గర్వంగా చూపించింది.

"ఇందులో ఏం రాసి ఉంది బిడ్డా?"

"గది అడగరు మమ్మీ. గీతలే చూస్తరు."

పెన్సిళ్లు లాక్కున్నాను. అది ఏడ్చింది. ఏడవనీ. ఏం రాసి ఉందో చెప్పాకే ఇస్తాను.