మా అత్తమ్మ భోజన ప్రార్థన

మామయ్య పుట్టినరోజు పొద్దున మా అత్తమ్మ మల్సున్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా, పిల్లి బల్ల మీది ఉప్పుచేపను కరుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను చూశాను. మామయ్యా చూశాడు. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు కనుక ఇద్దరం ఊరుకున్నాం. ఆమెన్ అనేసరికి పళ్ళెంలో ముల్లంగి ముక్కలు మాత్రం మిగిలాయి.

మా వైపు ఇంటి పెద్ద చెంచా ఎత్తేదాకా ఎవరూ అన్నం ముట్టరు. మా ఇంటి పెద్ద పాన్‌సోక్ మామయ్య. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు గానీ, ప్రార్థించే మనిషి ఎదుట చెంచా ఎత్తకూడదన్న నమ్మకం మాత్రం గట్టిది. ఆ సందు అత్తమ్మ కనిపెట్టింది. విడిగా కూర్చోబెట్టి యేసు మాట ఎత్తితే ఆయనకు బేరిపండ్ల తోటలో పని గుర్తొచ్చేది. అన్నం ముందు నుంచి ఎక్కడికి పోతాడు? అందుకే చెప్పాల్సిందంతా ప్రార్థనలో పెట్టేసేది. తప్పిపోయిన గొర్రెతో మొదలుపెట్టి, సిలువ మీదుగా ఖాళీ సమాధి దాకా వచ్చి, "ఈ ఇంటి పెద్దాయన మొండి గుండె కరిగించు తండ్రీ, నీ ఇంటికి నేనొక్కదాన్నే రాలేను" అని ముగించేది.

ఆ చివరి మాటే ఆమె దిగులంతా. పుట్టింటికి కూడా ఆయన లేకుండా వెళ్ళని మనిషి. పరలోకానికి ఒంటరిగా ఎలా వెళ్ళడమని నిజంగానే బెంగపడేది.

మామయ్య అడ్డంకీ చిన్నదేం కాదు. ఆయన పెద్దకొడుకు; మా వైపు తద్దినం నాడు పోయినవాళ్ళకు సారా పోసి మొక్కేది పెద్దకొడుకే, యేసును నమ్మినవాళ్ళు ఆ మొక్కు మొక్కరు. "నేను మీలో కలిసిపోతే మా నాన్న తద్దినానికి గిన్నెలో సారా ఎవరు పోస్తారే?" అనేవాడు. మర్నాడు ప్రార్థన ఇంకాస్త పొడుగయ్యేది.

పోయిన చలికాలం ఏడాదికి సరిపడా కిమ్చీ, అదే కారం పట్టించిన క్యాబేజీ ఊరగాయ, పెట్టుకున్నాం. చన్నీళ్ళలో క్యాబేజీలు కడిగీ కడిగీ అత్తమ్మ గొంతు పూర్తిగా పోయింది. మర్నాడు పొద్దున బల్ల ముందు కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. కాసేపటికి పెదాలూ ఆగిపోయాయి. కళ్ళు మాత్రం తెరవలేదు. ఆమెన్ వినబడకుండా మామయ్య చెంచా ఎలా ఎత్తుతాడు? పులుసు మీద ఆవిరి తగ్గిపోతోంది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకున్నాడు.

తప్పిపోయిన గొర్రెతో మొదలుపెట్టాడు. అన్నీ అత్తమ్మ మాటలే, ఒక్కటీ జారలేదు. సిలువ దాటాడు, సమాధి దాటాడు. పెద్దాయన మాట దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ ఇంటి పెద్దాయన... అంటే నేనే... మొండి గుండె కరిగించు తండ్రీ. దాన్నొక్కదాన్నీ పంపలేను. నేనూ వస్తాను." మళ్ళీ ఆగి, గొంతు తగ్గించి, "మా నాన్న సంగతి కూడా కాస్త చూడు" అన్నాడు. ఆమెన్ మాత్రం గట్టిగా చెప్పాడు.

తర్వాత ఎవరి మొహమూ చూడకుండా చెంచా ఎత్తి, పులుసు నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు.

"చల్లారిపోయింది."

మా వైపు ఆడవాళ్ళ బట్టలకు కొంగు ఉండదు. అత్తమ్మ చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుని, ఉన్న కాస్త గొంతుతో బొంగురుగా అంది:

"ఇవాళ ఆలస్యం చేసింది నేను కాదు."